0.5 సెలైన్‌లోనే ఎర్రరక్తకణాలన్నీ పగిలిపోతున్నాయి, అర్జెంట్

రెండో బెంచి:
మధ్యాహ్నం నుంచి మూడుసార్లు చేశాను, మూడుసార్లూ ఇదే. ఫస్టియర్ సెల్ బయాలజీ ప్రాక్టికల్. 0.9 నుంచి 0.3 శాతం దాకా ఉప్పునీళ్లు వరసగా కలిపి, గొట్టానికో చుక్క రక్తం వేసి, అరగంట ఆగి చూడాలి. మాన్యువల్ ప్రకారం పగలడం 0.45 దగ్గర మొదలై 0.35 కల్లా పూర్తవ్వాలి. నాకు 0.6లోనే పైనీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. 0.5లో గొట్టం వెనక పేపరు పెడితే అక్షరాలు చదవొచ్చు, అంటే కణాలన్నీ పగిలిపోయినట్టే. ఉప్పు రెండుసార్లు తూచాను. రేపు పొద్దున రికార్డు ఇవ్వాలి. ఇంకాసేపైతే పగిలేది నా తలే.

పాత ల్యాబ్:
ఏ జంతువు రక్తం?

ఫైనలియర్ అన్న:
తమ్ముడూ, ముందు రక్తం గడ్డకట్టకుండా ఏం వేశావో చెప్పు. సీసాని ఊపకూడదు, అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి. సిరంజికి సూది ఉంచే గట్టిగా నొక్కితే కణాలు అక్కడే చిట్లుతాయి. సూది తీసేసి గొట్టం గోడ వెంబడి జారవిడవాలి. మా బ్యాచ్‌లో సగం మంది దీనికే మార్కులు పోగొట్టుకున్నారు.

రెండో బెంచి:
హెపారిన్ అన్నా. ఊపలేదు. ఊపి ఉంటే 0.9 గొట్టంలోనూ పగలాలిగా, అక్కడ బాగానే ఉంది. అల్పగాఢత ద్రావణంలో పగులుతాయని తెలుసు, మరీ ఇంత తొందరగానా?

బయాలజీ మాస్టారు:
ఈ ‘గాఢత’ అన్న మాటతోనే తంటా. 1.8 శాతం యూరియా ద్రావణం ద్రవాభిసరణ పీడనంలో ఇంచుమించు రక్తంతో సమానమే. అందులో ఎర్రకణాలు వేసి చూడండి, నిలవవు. యూరియా పొర దాటి లోపలికి పోతుంది, దాని వెంటే నీరూ పోతుంది. ఉప్పు అలా దాటలేదు. టానిసిటీని, అంటే ద్రావణం కణాన్ని ఉబ్బిస్తుందా, ముడుచుకునేలా చేస్తుందా అన్నదాన్ని, గాఢత అని రాయడం మానండి.

పాత ల్యాబ్:
మళ్లీ అడుగుతున్నా. ఏ జంతువు?

రెండో బెంచి:
మేక. మటన్ కొట్టు దగ్గర పట్టుకొచ్చాం. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

పాత ల్యాబ్:
ఉన్నదే అది. మీ మాన్యువల్ అంకెలు మనిషివి. మనిషి ఎర్రకణం 7 మైక్రాన్ల పైనే, మధ్యలో సొట్ట. నీళ్లు లోపలికొస్తే ముందు ఆ సొట్ట పూడుతుంది, కణం బంతిలా అయ్యాకే పొర చిట్లుతుంది. మేక కణం 3, 4 మైక్రాన్లు, సొట్ట దాదాపు లేనట్టే. ఇంక ఉబ్బడానికి చోటేదీ? మన పెంపుడు జంతువుల్లో ముందుగా పగిలేది అదే, 0.6 దగ్గరే మొదలెడుతుంది. రక్తం ఎప్పటిది?

కోళ్ల షెడ్డు:
ఒంటె కణమైతే రెండింతలకు పైగా ఉబ్బినా తట్టుకుంటుంది. కోడిగుడ్డు ఆకారమే, కానీ కేంద్రకం ఉండదు. మా కోళ్లకి ఆ ఆకారమూ ఉంది, కేంద్రకమూ ఉంది.

బయాలజీ మాస్టారు:
యూరియా సంగతి ఎవరూ పట్టించుకోరేం?

ఫైనలియర్ అన్న:
సార్, ఫస్టియర్ వాళ్లకి వరిగడ్డికి 4 శాతం యూరియా పట్టించడం తెలిస్తే చాలు.

బయాలజీ మాస్టారు:
అందుకే ఫైనలియర్‌కి వచ్చినా టానిసిటీ అంటే తెల్లమొహం వేస్తారు.

రెండో బెంచి:
పట్టిక పైన ‘మేక’ అని రాసి నా అంకెలే ఉంచేస్తున్నా. థాంక్స్ అండి.

పాత ల్యాబ్:
రక్తం ఎప్పటిదో చెప్పలేదు. ఫ్రిజ్‌లో నిలవున్నదైతే ఆ అంకెలూ నమ్మడానికి లేదు.