దాళ్వా (రబీ వరి) ధాన్యం దసరా దాకా ఆపితే గిట్టుతుందా? ఆపితే అక్రమ నిల్వ అంటారా?

దాళ్వా_రైతు:
కోతలప్పుడు ధాన్యం అంతా ఒక్కసారే కళ్లాల్లోకి వచ్చి రేటు పడిపోతుంది. దసరాకి బియ్యం రేటు చూస్తే కడుపు మండుతుంది. 75 కిలోల బస్తాలు వంద ఆపితే ఏమైనా మిగులుతుందా అండి? రైతు ఆపినా కేసేనా? వ్యాపారి దాచేదానికీ దీనికీ తేడా ఎక్కడ?

తేమమీటరు:
ముందు తూకం చూడండి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాకా ఒప్పుకుంటారు. అదే తేమతో నెట్టు కడితే (బస్తాలు ఒకదానిమీద ఒకటి పేరిస్తే) లోపల వేడెక్కి గింజ పచ్చబడుతుంది, బూజు వాసన కొడుతుంది. 14కి దింపాలి. దింపేసరికి మూడున్నర శాతం బరువు పోయి, వంద బస్తాలు తొంభై ఆరున్నర అవుతాయి. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే.

2025-26 మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలు 2,369, అంటే బస్తా 1,777. నూటికి నెలకి రూపాయి వడ్డీ చొప్పున అయిదు నెలలకి 89. అద్దె, హమాలీ, ఎలుకలు తిన్నది కలిపి 40 అనుకుందాం. తగ్గిన బరువు కూడా కలుపుకుంటే, ఎండిన బస్తా 1,975 పలికితే అసలు చేతికొచ్చినట్టు. లాభం ఆ పైనే.

నెట్టు కింద చెక్కలు వేయండి, గోడకి రెండడుగులు ఎడం ఉంచండి. గింజకి సూదితో పొడిచినట్టు గుండ్రటి కన్నం కనిపిస్తే వడ్ల చిలుక అప్పటికే బయటికొచ్చేసింది, లోపల డొల్లే. పొగబెట్టే బిళ్లలు మాత్రం ఇంట్లో వాడకండి. ఆ వాయువు మనుషుల్ని చంపుతుంది.

కచేరీసావిడి:
చట్టం సంగతి. 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టం కింద ప్రభుత్వం నిల్వ పరిమితి ఉత్తర్వు ఇస్తుంది. అది అమల్లో ఉండగా పరిమితి దాటినా, లెక్క చూపకపోయినా నేరం. సరుకు జప్తు చేసే అధికారం కలెక్టరుది, శిక్ష ఏడేళ్ల దాకా ఉండొచ్చు. ఈ ఉత్తర్వులు మామూలుగా వ్యాపారులకీ మిల్లర్లకీ వర్తిస్తాయి. సొంత పంట ఆపుకున్న రైతుని పట్టుకునే ఉద్దేశం వీటికి లేదు.

కాలవగట్టు:
తేడా ఎంత ఆపారన్నదాంట్లో కాదు, ఎవరి చేతిలో ఎంత ఉందో బయటికి తెలుస్తుందా లేదా అన్నదాంట్లో ఉంది. వందమంది రైతులు తలో వంద బస్తాలు ఆపితే కోతల్లో రేటు మరీ పడదు, తర్వాత మరీ పెరగదు. నిజానికి అది మార్కెట్‌కి మేలే. అదే పదివేల బస్తాలు నాలుగు గోడౌన్లలో, పది పేర్ల మీద చేరాయనుకోండి. సరుకు ఉండి కూడా లేనట్టే. చిల్లర కొట్టువాడు భయపడి రెండింతలు తెప్పిస్తాడు, ఇళ్లలో మరో బస్తా కొంటారు, లేని కొరత నిజమైపోతుంది.

రేటు పెరిగితే ప్రభుత్వం ఊరుకోదు. 2023 జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేశారు. కాకినాడ రేవు మీద ఆశపెట్టుకుని సరుకు ఆపినవాళ్లకి ఆ దారి 2024 సెప్టెంబరు చివరిదాకా మూసుకుపోయింది. మధ్యలో 2024 ఫిబ్రవరి నుంచి వ్యాపారుల్నీ మిల్లర్లనీ ప్రతి శుక్రవారం నిల్వ చెప్పమన్నారు. నాకైతే దాడులకన్నా ఈ లెక్క చెప్పించడమే మంచి మందనిపిస్తుంది.

అటకమీదకాయ:
కోనసీమలో కురిడీ (ఎండు కొబ్బరికాయ) చూడండి. కాయని అటకెక్కించి నీళ్లింకి గలగలలాడేదాకా నెలల తరబడి ఆపడమే ఆ వ్యాపారం. దాన్ని ఎవరైనా అక్రమ నిల్వ అంటారా?

దాళ్వా_రైతు:
అప్పులవాడు ఇంటిముందు కూర్చుంటే అయిదు నెలలు ఎలా ఆపడం?

తేమమీటరు:
సగం కళ్లంలోనే అమ్మి అప్పు తీర్చండి. మిగతా సగం గిడ్డంగుల నియంత్రణ సంస్థలో నమోదైన గోడౌన్‌లో పెడితే ఎలక్ట్రానిక్ రసీదు ఇస్తారు, దాని మీద బ్యాంకు అప్పిస్తుంది. రసీదులో బరువు, నాణ్యత రెండూ ఉంటాయి. కాబట్టి బాగా ఎండబెట్టి, తేమ చూసుకున్నాకే బండెక్కించండి.