అప్‌డేట్: చిన్న విమానాశ్రయానికి చూసిన స్థలం, అసలు చిక్కు నేల కాదు
900 మీటర్ల రన్‌వేకి చూసిన స్థలమంతా బంకమట్టి, పనికొస్తుందా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. 'ముందు గాలి లెక్క చూడండి' అన్నవాళ్ల మాటే నిజమైంది. ఇంజినీరు 5 ఏళ్ల గాలి రికార్డులు తీశారు. ఇంత పొట్టి రన్‌వేకి అడ్డగాలి (పక్క నుంచి కొట్టే గాలి) 10 నాట్లు, అంటే గంటకు దాదాపు 18.5 కిలోమీటర్లు, మించని సమయం కనీసం 95 శాతం ఉండాలట. మేం గీసుకున్న తూర్పు పడమర గీతకు అది కుదరలేదు, కాస్త వాయవ్యానికి తిప్పితే కుదిరింది.

తిప్పాక రన్‌వే ఒక కొసన చెట్ల వరుస అడ్డొచ్చింది. విమానం దిగే దారిలో 25 మీటర్లకు 1 మీటరు చొప్పున లేచే ఏటవాలు ఊహా హద్దు ఉంటుంది, ఏదీ దానికి పైకి రాకూడదు. కొలిస్తే నాలుగు చెట్ల తలలు దాన్ని దాటాయి. కొట్టేయడానికి యజమాని ఒప్పుకున్నారు.

బంకమట్టి గురించే అనవసరంగా నిద్ర పాడుచేసుకున్నాను. సున్నం కలిపి గట్టిపరిచి, నీరు నిలవకుండా కాలువలు తీస్తే సరిపోతుందట.