మెడ ఒకవైపే పట్టేసింది, మూడు వారాలైనా వదలట్లేదు

ప్రశ్న:

నమస్తే అండి. మూడు వారాల కింద ఒకరోజు పొద్దున లేచేసరికి మెడ కుడివైపు పట్టేసింది. మొదటి రెండు రోజులు తల అస్సలు తిరగలేదు, ఎవరైనా పిలిస్తే భుజాలతో సహా ఒళ్లంతా తిప్పి చూడాల్సి వచ్చేది. తర్వాత చాలావరకు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. సాయంత్రం అయ్యేసరికి చెవి వెనక నుంచి భుజం దాకా తాడు కట్టి లాగుతున్నట్టు ఉంటుంది, బండి రివర్స్ తీయాలని కుడివైపు తిరిగితే ఒకచోట ఆగిపోయి జివ్వుమంటుంది. నాకు 36 ఏళ్లు, రోజంతా కంప్యూటర్ ముందే పని. ఎక్స్‌రే తీయిస్తే ఎముకల్లో అరుగుదల మొదలైందన్నారు, అప్పటి నుంచి టెన్షన్ పట్టుకుంది. రెండువైపులా ఉంటే అలసట అని సరిపెట్టుకునేదాన్ని, ఒకవైపే ఎందుకు వస్తుంది? నరం ఏమైనా నొక్కుకుందా? చేతిలో తిమ్మిరి, మంట లాంటివి లేవు. తెలిసినాయన ఒకరు మెడ పట్టుకుని ఒక్కసారి టక్కున తిప్పితే వదిలేస్తుంది అంటున్నారు, చేయించుకోమంటారా?

జవాబు 1:

ముందు ఆ ఆఖరి మాటకి సమాధానం: వద్దండి, దయచేసి చేయించుకోకండి. మెడ వెన్నుపూసల గుండా మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళాలు పోతాయి. తెలియనివాళ్లు గట్టిగా తిప్పితే ఆ నాళం గోడ చీలే ప్రమాదం ఉంది, అరుదే, కానీ జరిగితే పక్షవాతం దాకా పోతుంది. టక్ అని శబ్దం వచ్చినంత మాత్రాన ఏదో సర్దుకున్నట్టు కాదు.

ఇక నా సంగతి. నాకు ఎడమవైపు ఇలాగే ఏడాది పాటు వస్తూ పోతూ ఉండేది. దిండ్లు మార్చాను, పరుపు మార్చాను, నూనెలు రాశాను. చివరికి తేలిందేమిటంటే నా బల్ల మీద రెండు స్క్రీన్లు, అందులో నేను ఎక్కువసేపు చూసేది ఎడమ పక్కన ఉన్నది. అంటే రోజుకి ఆరేడు గంటలు తల కొంచెం ఎడమకి తిప్పే కూర్చుంటున్నానన్నమాట, కూర్చున్నప్పుడు అది తెలియదు కూడా. దాన్ని సూటిగా ఎదురుగా పెట్టుకున్న రెండు వారాలకి తేడా తెలిసింది. మీరు కూడా రేపు ఒక్కరోజు మిమ్మల్ని మీరే గమనించుకోండి: మౌస్ ఎంత దూరంలో ఉంది, బ్యాగు ఎప్పుడూ ఏ భుజానికి వేస్తారు, ఫోన్ చెవికి భుజానికి మధ్య ఇరికించి మాట్లాడతారా, టీవీ చూసేటప్పుడు ఏ పక్కకి ఒరుగుతారు. ఒకవైపు నొప్పికి ఒకవైపు అలవాటే చాలాసార్లు కారణం.

జవాబు 2:

నేను ఫిజియోథెరపిస్టుని. చూడకుండా ఇదే అని తేల్చి చెప్పలేను కానీ మీరు రాసింది చదివితే కంగారుపడే లక్షణాలు కనిపించడం లేదు. చేతిలోకి తిమ్మిరి గానీ బలహీనత గానీ లేకపోవడం మంచి విషయం.

ఒక చిన్న పని చేయండి. ఎడమ చేతిని కుడి భుజం మీదుగా వెనక్కి వేసి, భుజం రెక్క ఎముక లోపలి పై మూల ఎక్కడుందో వేలితో తడమండి. అక్కడ నొక్కితే గోళీకాయంత గట్టి ముడి తగిలి, మీ నొప్పి అదేనని మీకే అనిపిస్తే, చాలావరకు అది లెవేటర్ స్కాపులే అనే కండరం. మెడలోని పై నాలుగు పూసల దగ్గర మొదలై ఆ మూలకి వచ్చి అతుక్కుంటుంది, భుజాన్ని పైకి ఎత్తే కండరాల్లో అదొకటి. మనిషి తల సుమారు 5 కిలోలు ఉంటుంది. తల కొంచెం ముందుకో పక్కకో వాలిందంటే ఆ బరువు పడిపోకుండా గంటల తరబడి పట్టుకోవాల్సింది ఇలాంటి కండరాలే. పొద్దున లేచేసరికి పట్టేయడానికైతే పూసల మధ్య ఉండే చిన్న కీళ్లు బిగుసుకోవడం కూడా కారణం కావచ్చు, అలాంటిది సాధారణంగా వారం పది రోజుల్లో దానంతటదే వదులుతుంది. మీకు కీళ్ల బిగుతు తగ్గినా కండరం పట్టు మిగిలినట్టుంది.

ఎక్స్‌రే గురించి దిగులు పెట్టుకోకండి. ఏ నొప్పీ లేని మనుషులకి తీసినా నలభై దగ్గరపడే వయసులో చాలామందికి అరుగుదల కనిపిస్తుంది. అది జుట్టు నెరవడం లాంటిది. ఫిల్ములో కనిపించిందే నొప్పికి కారణమనుకుని మెడ కదపడం మానేస్తారే, అప్పుడు నిజంగా బిగుసుకుపోతుంది. మెడకి కాలరు కట్టుకుని రోజుల తరబడి ఉంచుకోవడం కూడా అందుకే వద్దంటాం.

చేయాల్సింది: వేడి కాపడం పావుగంట, చర్మం కాలకుండా బట్ట అడ్డం పెట్టి. ఆ తర్వాత కుర్చీలో కూర్చుని కుడి చేత్తో కుర్చీ అంచు పట్టుకోండి, తలని ఎడమవైపు సగం తిప్పి ఎడమ చంక వైపు చూస్తున్నట్టు కిందికి వంచండి. కుడివైపు మెత్తగా లాగాలి, నొప్పి పుట్టకూడదు. 20 నుంచి 30 సెకన్లు ఉంచి వదలండి, మూడుసార్లు చాలు, రోజుకి రెండు పూటలా. దీనితో పాటు గడ్డాన్ని సూటిగా వెనక్కి లాగి 5 సెకన్లు పట్టి ఉంచడం, పదిసార్లు. అసలు మందు మాత్రం అరగంటకోసారి లేచి భుజాలు తిప్పుకోవడమే, దాన్నే అందరూ వదిలేస్తారు. నొప్పి మాత్రలు రెండు మూడు రోజులు పర్వాలేదు గానీ కడుపులో పుండు, కిడ్నీ సమస్య, గర్భం ఉంటే డాక్టర్ని అడగకుండా వేసుకోవద్దు.

జవాబు 3:

పైన చెప్పినవన్నీ నిజమే, నాకు వేరేగా జరిగింది కాబట్టి రాస్తున్నాను. నాదీ ఒకవైపు మెడ నొప్పిగానే మొదలైంది. వారం తర్వాత నొప్పి మెడలో తగ్గి చేతిలోకి దిగింది, బొటనవేలు చూపుడువేలు తిమ్మిరెక్కి గ్లాసు పట్టుకుంటే జారిపోయేది. చెయ్యి తల మీద పెట్టుకుంటే హాయిగా ఉండేది, రాత్రంతా అలాగే పడుకునేవాణ్ణి. డిస్క్ జరిగి నరం మీద ఒత్తిడి పడిందన్నారు. వేళ్లని బట్టి మెడ నుంచి వచ్చే నరాల్లో ఎన్నోదో చెప్పారు: బొటనవేలి వైపైతే ఆరోది, మధ్యవేలైతే ఏడోది, చిటికెనవేలైతే ఎనిమిదోది. ఆపరేషన్ అవసరం పడలేదు, మూడు నెలల్లో నెమ్మదిగా తగ్గింది. కానీ చేతి పట్టు సడలుతున్నా పది రోజులు అలక్ష్యం చేశాను, ఆ పని మీరు చేయకండి.

నడుస్తుంటే తూలడం, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, మూత్రం మీద అదుపు తప్పడం, జ్వరంతో మెడ కర్రలా బిగుసుకోవడం, దెబ్బ తగిలిన తర్వాత వచ్చిన నొప్పి, ఇవి ఉంటే అదే రోజు డాక్టర్ దగ్గరికి. ఎప్పుడూ లేనంత నొప్పి హఠాత్తుగా ఒకవైపు మొదలై ఒక కనురెప్ప వాలినా మాట తడబడినా, లేదా మెడ దవడ నొప్పితో పాటు ఛాతీ బిగపట్టి చెమటలు పోసినా నేరుగా ఎమర్జెన్సీకే.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ చాలా థాంక్స్ అండి. ఆ మూల వేలికి దొరికింది! నొక్కగానే చెవి దాకా లాగింది, సరిగ్గా అదే నొప్పి. నిన్న గమనించుకుంటే నా పనిలో రోజుకి ఇరవై ముప్పై ఫోన్లు వస్తాయి, అన్నీ కుడి భుజానికి నొక్కిపెట్టి ఎడమ చేత్తో కాగితాలు తిప్పుతూ కుడి చేత్తో టైప్ చేస్తున్నాను. హెడ్‌సెట్ డ్రాయర్లోనే పడుంది, ఇవాళ తీశాను. మెడ తిప్పిస్తానన్నాయనకి వద్దని చెప్పేశాను. ఇంకో రెండు అనుమానాలు. పక్కకి తిరిగి పడుకునే అలవాటు నాది, దిండు ఎంత ఎత్తు ఉండాలి? గడ్డం వెనక్కి లాగుతుంటే గొంతు దగ్గర బిగుసుకుంటోంది, తప్పు చేస్తున్నానా?

జవాబు 2 రాసినవారు:

గడ్డం కిందికి దించుతున్నట్టున్నారు, అందుకే గొంతు బిగుస్తోంది. కళ్లు ఎదురుగా ఒకే ఎత్తులో ఉంచి తల మొత్తాన్ని డ్రాయర్ మూసినట్టు సూటిగా వెనక్కి జరపండి, అర అంగుళం కదిలినా చాలు. గోడకి ఆనుకుని చేస్తే తేలిగ్గా వస్తుంది.

దిండు సంగతి, పక్కకి పడుకున్నప్పుడు చెవికీ పరుపుకీ మధ్య ఖాళీ నిండాలి, అంటే దాదాపు మెడ దగ్గర నుంచి భుజం చివర దాకా ఉన్నంత. పడుకున్నాక ఇంట్లో ఎవరినైనా ఒక ఫోటో తీయమనండి, ముక్కు, గడ్డం, రొమ్ము ఎముక ఒకే గీతలో ఉంటే సరైన ఎత్తే. వెల్లకిలా పడుకుంటే అంతకంటే తక్కువ ఎత్తు చాలు. బోర్లా మాత్రం వద్దు, మెడ రాత్రంతా ఒకవైపే తిరిగి ఉంటుంది. మరో రెండు మూడు వారాలు ఇలా చేసి చూడండి, తేడా లేకపోతే దగ్గర్లోని ఫిజియోథెరపిస్టుకి ఒకసారి చూపించుకోండి, అప్పుడు చేత్తో చూసి చెబుతారు.