బస్సు టికెట్ల సైటు తయారు చేసే ముందు ఉన్న సైట్లను చూడాలా, కౌంటరు దగ్గర కూర్చోవాలా?

కోనసీమ కోడ్

సభ్యులందరికీ నమస్కారం. అమలాపురం నుంచి హైదరాబాదుకు రోజూ బస్సులు నడిపే ఒక యజమాని, టికెట్లు సొంతంగా అమ్ముకునే వెబ్‌సైటు చేసిపెట్టమని నాకు పని అప్పగించారు. ఒక్క పేజీ కూడా గీయకముందు రెండు వారాల పాటు ఇప్పటికే నడుస్తున్న ప్రయాణ సైట్లను చూడాలని నా ఉద్దేశం. రెడ్‌బస్, అభిబస్, ఏపీఎస్‌ఆర్‌టీసీ, ఐఆర్‌సీటీసీ, వీటితో పాటు బయటి దేశాల వాటిలో నేషనల్ ఎక్స్‌ప్రెస్, ఫ్లిక్స్‌బస్ నా జాబితాలో ఉన్నాయి. ప్రతి దానిలోనూ ఊరి పేరు కొట్టిన దగ్గర నుంచి డబ్బు కట్టే మెట్టు దాకా వెళ్లి, ఎన్ని పేజీలు దాటవలసి వచ్చిందో, ఎక్కడ ఆగిపోయానో, ఏ మాట అర్థం కాలేదో రాసుకుంటాను. చూడటానికే రెండు వారాల డబ్బు ఎందుకివ్వాలని యజమాని అడుగుతున్నారు. ఆయనకు ఏం చెప్పాలో అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

రావులపాలెం కౌంటరు

ఆ రెండు వారాలూ వృథా అని నా అభిప్రాయం. పద్దెనిమిదేళ్లుగా జాతీయ రహదారి పక్కన బుకింగ్ కౌంటరులో కూర్చుంటున్నాను. ఒక సైటును చూసి ఇంకొక సైటు, దానిని చూసి మరొకటి చేసుకుంటూ పోవడం వల్లనే అన్నిటిలోనూ ఒకే తప్పులు కనిపిస్తున్నాయి. తమ్ముడూ, మీరు ఆ రెండు వారాలు మా కౌంటరులో నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. సాయంత్రం ఆరు నుంచి పన్నెండున్నర దాకా వచ్చే ఫోన్లు వినండి. మీకు కావలసినదంతా అక్కడే దొరుకుతుంది.

భీమవరం డిజైనర్

కౌంటరు గారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది గాని, చూడటం వేరు, కాపీ కొట్టడం వేరు. మనుషులు తమ సమయంలో ఎక్కువ భాగం ఇతర సైట్లలోనే గడుపుతారనీ, అందువల్ల మన సైటు కూడా తమకు అలవాటైన పద్ధతిలోనే నడవాలని ఆశిస్తారనీ వెబ్‌సైట్ల వాడకం మీద పరిశోధన చేసే యాకోబ్ నీల్సన్ 2000లోనే రాశారు. సీట్ల బొమ్మలో కింది బెర్తు ఎటు ఉంటుందో, ఆడవారి సీటు ఏ రంగులో ఉంటుందో మన ప్రయాణికులు ఇప్పటికే నేర్చుకుని ఉన్నారు. అది తెలుసుకోకుండా కొత్తగా గీస్తే, మనం చేసినది ఎంత అందంగా ఉన్నా వాళ్లు తడబడతారు.

ఏవి మనకు పనికిరావో తెలియడానికి కూడా చూడాలి. బ్రిటన్‌లో కోచ్ అంటే దూర ప్రయాణపు బస్సు, మన దగ్గర ఆ మాట వినగానే రైలు పెట్టె గుర్తొస్తుంది. అక్కడి సైట్లు వెళ్లే తేదీతో పాటు తిరుగు ప్రయాణం తేదీ కూడా అడుగుతాయి. మన వాడు సంక్రాంతికి వస్తే ఎప్పుడు తిరిగి వెళతాడో కనుమ దాటేదాకా తనకే తెలియదు. ఆ గడి మనకు అడ్డం.

ఊళ్ల పేర్ల సంగతి మరీ ముఖ్యం. 2015లో రాజమండ్రి పేరు అధికారికంగా రాజమహేంద్రవరం అయింది, అయినా జనం వెతికేది పాత పేరుతోనే. నరసాపురాన్ని రైల్వే వాళ్లు నర్సాపూర్ అంటారు, మెదక్ జిల్లాలో ఇంకొక నర్సాపూర్ ఉంది. ఈ చిక్కును ఎవరు ఎలా విప్పారో పది సైట్లు చూస్తే గాని తెలియదు.

వదిలేయవలసినవీ ఉన్నాయి. అడగకుండానే బీమా గడిలో టిక్కు పెట్టడం, మొదట ఒక ధర చూపించి చివరి పేజీలో రుసుములు కలపడం వంటి పదమూడు రకాల మోసపు పద్ధతులను 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నిషేధించింది. వాటిని గుర్తుపట్టడం నేర్చుకోకపోతే తెలియకుండానే మన సైటులోకి ఎక్కించుకుంటాం.

సఖినేటిపల్లి రేవు

మా వైపు వాళ్లు పంటు మీద గోదావరి దాటి నరసాపురంలో రైలు ఎక్కుతారు. రైలులో వెయిటింగ్ లిస్టు పడినప్పుడే బస్సు వెతుకుతారు. కాబట్టి ఐఆర్‌సీటీసీని జాబితాలో నుంచి తీయవద్దు.

రావులపాలెం కౌంటరు

డిజైనర్ గారు ఇన్ని చెప్పారు, నేను ఒక్కటే అడుగుతాను. విశాఖపట్నంలో సాయంత్రం బయలుదేరిన బస్సు మా సెంటరుకు రాత్రి పన్నెండుంబావుకు వస్తుంది. ఆ టికెట్టు మీద ఏ తేదీ వేయాలి? పది సైట్లు చూసి నాకు సమాధానం చెప్పండి.

తణుకు ప్రయాణికురాలు

ఈ ప్రశ్న చదివి రాయకుండా ఉండలేకపోతున్నాను. నిరుడు మా నాన్నగారిని హైదరాబాదులో ఒక వైద్యుడికి చూపించవలసి ఉండి ఆన్‌లైనులో టికెట్లు తీశాను. టికెట్టు మీద పద్నాలుగో తేదీ, 00:20 అని ఉంది. పద్నాలుగో తేదీ రాత్రి భోజనం పెట్టి, మందుల సంచీ సర్దుకుని, పదకొండున్నరకల్లా హైవే మీదకు తీసుకువెళ్లాను. ఒంటిగంట దాకా బస్సు రాలేదు. సహాయ నంబరుకు ఫోను చేస్తే, మా బస్సు అంతకు ముందు రాత్రే వెళ్లిపోయిందని చెప్పారు. డబ్బు పోయినందుకు కాదు నా బాధ. డెబ్బై దాటిన మనిషి ఆ చలిలో సిమెంటు దిమ్మ మీద గంటన్నర కూర్చున్నారు, పైగా వైద్యుడిని మళ్లీ చూడటానికి మూడు వారాలు ఆగవలసి వచ్చింది. తప్పు నాదేనని అన్నారు. తేదీ సరిగ్గానే వేశామన్నారు.

భీమవరం డిజైనర్

మీకు జరిగింది చాలా బాధాకరం. అయితే ఇది చూడటానికి అనుకూలమైన వాదనే అవుతుంది. రైల్వే వారు మనం ఎక్కే స్టేషనులో బండి కదిలే తేదీనే వేస్తారు, గడియారం 24 గంటలది. బస్సు సైట్లలో కొన్ని బస్సు మొదట బయలుదేరిన రోజు కింద చూపిస్తాయి, కొన్ని ఎక్కే వేళ కింద చూపిస్తాయి. రెండింటికీ అలవాటుపడిన ప్రయాణికుడు ఒకేచోట తికమకపడతాడు. ఈ తేడా కాగితం మీద పెట్టాలంటే సైట్లు చూడక తప్పదు కదా.

రావులపాలెం కౌంటరు

కాగితం మీద పెట్టి ఏం చేస్తారు? ఏదో ఒకటి ఎంచుకుంటారు, రెండూ తప్పే. మా కౌంటరులో టికెట్టు వెనుక నేను చేత్తో రాసే మాట వినండి: "శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం." ఈ పద్దెనిమిదేళ్లలో ఈ మాట రాసిచ్చిన వాళ్లెవరూ రోజు తప్పి రాలేదు. తెలుగువాడికి రోజు మారేది పొద్దు పొడిస్తే. పంచాంగంలో వారం కూడా సూర్యోదయం నుంచే లెక్క. అర్ధరాత్రి పన్నెండు దాటగానే శనివారం అయిపోయిందని మా ప్రయాణికుడు ఎన్నడూ అనుకోడు, అది గడియారం లెక్క. ఈ మాట ఏ సైటులో కనిపిస్తుందో చూపించండి.

కోనసీమ కోడ్

చూపించలేను. నిన్న రాత్రి నా జాబితాలో నాలుగింటిని ఇందుకోసమే తెరిచాను, ఆ మాట ఎక్కడా లేదు. ఒకదానిలో తేదీ పక్కన చిన్న అక్షరాలతో మరుసటి రోజు అని ఉంది, ఏ రోజుకు మరుసటిదో లేదు.

ఏలూరు కాలువ

తేదీతో పాటు వారం పేరు రాస్తే చాలదా? దీనికి ఇంత చర్చ ఎందుకు?

తణుకు ప్రయాణికురాలు

చాలదండి. నా టికెట్టు మీద వారం పేరు కూడా ఉంది. శనివారం అని చదివే శనివారం రాత్రి వెళ్లాను.

భీమవరం డిజైనర్

ఒక్క తేదీ పట్టుకుని మొత్తం పరిశోధననే కొట్టిపారేయడం సబబు కాదు. డబ్బు ఖాతాలో నుంచి పోయి టికెట్టు రాకపోతే తెర మీద ఏం కనిపించాలి? ఒకరు సీటు ఎంచుకుని డబ్బు కట్టేలోపు ఆ సీటును ఎన్ని నిమిషాలు పట్టి ఉంచాలి? ఒంటరిగా వెళ్లే ఆడపిల్ల పక్క సీటును ఎవరికి చూపించాలి? ఇవి కౌంటరులో కూర్చుంటే తెలిసేవి కావు, ఎందుకంటే కౌంటరులో ఇవన్నీ ఒక మనిషి నోటితో సర్దేస్తాడు. సైటులో ఆ మనిషి ఉండడు.

ఇంకొక మాట స్పష్టంగా చెప్పవలసి వస్తోంది. కౌంటరు గారు మొదటి నుంచీ పరిశోధన వద్దంటున్నారు గాని, ఆయనకు ఇష్టం లేనిది సైటే అని నాకు అనిపిస్తోంది. సైటు వస్తే టికెట్టు మీద కమిషను పోతుంది. ఆ మాట దాచి తేదీల గురించి ఎందుకు వాదించడం?

రావులపాలెం కౌంటరు

దాచలేదు, ఎవరూ అడగలేదు. అడిగారు గనుక చెబుతున్నాను. అవును, నా కమిషను పోతుంది. ఇద్దరు పిల్లల చదువులు ఆ కమిషను మీదనే నడిచాయి. ఒక యజమాని తన సీట్లన్నిటినీ ఆన్‌లైనులో పెట్టిన ఏడాది, అప్పటిదాకా నాకు ఇచ్చే పన్నెండు సీట్ల కోటా రెండుకు దిగింది. ఆ రెండూ చివరి వరుస పైబెర్తులు. ఏళ్ల తరబడి నా దగ్గరే టికెట్టు తీసుకున్న ఒక ముసలమ్మ వచ్చి అడిగితే, ఆమె మోకాళ్ల సంగతి తెలిసి కూడా పైబెర్తు చూపించవలసి వచ్చింది. ఆమె టికెట్టు తీసుకోకుండానే వెళ్లిపోయింది.

నా దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. ఎవరు మెట్లు ఎక్కలేరు, ఎవరు ఎల్బీ నగర్‌లో దిగుతారు, ఎవరిని కూకట్‌పల్లి రాకముందు డ్రైవరు లేపాలి, ఎవరి ఫోను రాత్రిపూట కొడుకు ఎత్తుతాడు, అన్నీ అందులో రాసి ఉన్నాయి. అవన్నీ ఏ సైటు చూసి నేర్చుకుంటారు? రెడ్‌బస్ కథ మీకు తెలుసు కదా. పండుగకు ఇంటికి వెళ్లడానికి బెంగళూరులో టికెట్టు దొరకక ఏజెంట్ల చుట్టూ తిరిగిన ఇంజినీరు, స్నేహితులతో కలిసి 2006లో మొదలుపెట్టిన సంస్థ అది. వాళ్లు మొదట నేర్చుకున్నది ఏజెంట్ల దగ్గర, బస్సుల యజమానుల దగ్గర. నాలాంటి వాళ్లను అడిగి కట్టిన దానిని ఇప్పుడు మీరు పుస్తకంలా చదువుతారు, నన్ను అడగవలసిన పని లేదంటారు. నా కోపమంతా అక్కడ.

భీమవరం డిజైనర్

అడగవలసిన పని లేదని నేను ఎక్కడా అనలేదు. ఆ కథే నా వైపు కూడా పలుకుతుంది, కట్టే ముందు తిరిగి తెలుసుకున్నారు గనుకనే నిలబడ్డారు. అయినా కమిషను మాట తొందరపడి అన్నాను, వెనక్కి తీసుకుంటున్నాను. కోటా సంగతి నాకు తెలియదు.

సఖినేటిపల్లి రేవు

కోడ్ గారూ, మీ యజమాని కౌంటరు సీట్లు ఉంచుతున్నారా, తీసేస్తున్నారా? అది మీరు ఇంతవరకూ చెప్పలేదు.

కోనసీమ కోడ్

సరైన ప్రశ్న. మొదటి రోజే రాయవలసింది, రాయలేదు. సీట్లన్నీ సైటులోనే ఉండాలనీ, కౌంటర్లకు విడిగా ఏమీ ఉంచవద్దనీ యజమాని చెప్పారు. అది వ్యాపార నిర్ణయం, నా పని తెరలు గీయడమే కదా అనుకున్నాను. ఇప్పుడు చూస్తే నా జాబితా మొత్తం ఆ నిర్ణయం మీదనే నిలబడి ఉంది. పెద్ద సైట్లను చూస్తే ప్రయాణికుడు తన సీటు తానే ఎంచుకునే తెర ఒక్కటే దొరుకుతుంది. కౌంటరులో కూర్చున్న మనిషి నలుగురి తరఫున సీట్లు తీసే తెర ఎలా ఉండాలో బయటి నుంచి చూసేవారికి కనిపించదు, ఎందుకంటే ఏజెంట్ల లాగిన్ లోపల ఏముందో మనకు తెరుచుకోదు. నేను రెండు వారాలు చూసినా సగమే చూసి ఉండేవాణ్ణి.

నిన్న యజమానితో మాట్లాడాను. సీట్ల కోటాకు ఒప్పుకోలేదు. అయితే కౌంటరు వారికి వేరే లాగిన్, ఆ లాగిన్‌తో తీసిన టికెట్టుకు కమిషను అన్న మాటను కాదనలేదు, ఆలోచిస్తానన్నారు. కింది బెర్తులలో కొన్నిటిని బయలుదేరడానికి ముందు రోజు దాకా పెద్దవారి కోసం ఆపి ఉంచడానికి మాత్రం ఒప్పుకున్నారు.

రావులపాలెం కౌంటరు

ఆలోచిస్తానన్న మాటకు అర్థం నాకు తెలుసు. లాగిన్ ఇచ్చినా, ప్రయాణికుడికి ఫోనులో అదే సీటు అదే ధరకు కనిపిస్తున్నప్పుడు నా దగ్గరకు ఎందుకు వస్తాడు? నేను ఒప్పుకోవడం లేదు. కింది బెర్తుల సంగతి మంచిదే.

భీమవరం డిజైనర్

అర్ధరాత్రి ఫోను ఎత్తడానికి ఒక మనిషి దొరుకుతాడని వస్తాడు. తణుకు గారికి ఆ రాత్రి కావలసింది అదే. ఎక్కవలసిన వేళకు ఆరు గంటల ముందు కౌంటరు నుంచి తెలుగులో ఫోను వెళ్లి ఉంటే ఆమె నాన్నగారు బస్సు తప్పేవారు కాదు. ఆ పనికి సైటు డబ్బు ఇవ్వాలని యజమానికి రాసి చూపించండి. పదకొండు గంటలు దాటాక మీకు రోజుకు ఎన్ని ఫోన్లు వస్తాయో లెక్క ఉందా?

రావులపాలెం కౌంటరు

లెక్క పెట్టలేదు. నోటుపుస్తకంలో పేర్లు ఉన్నాయి గాని ఫోన్లు రాయలేదు.

కోనసీమ కోడ్

అయితే నేను వచ్చి రాస్తాను. సైట్లు చూడటాన్ని వారం రోజులకు కుదించుకున్నాను, అది మానను. ఊళ్ల పేర్లు, సీట్ల బొమ్మ, డబ్బు ఆగిపోయినప్పుడు చూపే తెర, ఈ మూడింటి కోసం అది కావాలి. రెండో వారం సాయంత్రం ఆరు నుంచి రావులపాలెంలో ఉంటాను, మీకు అభ్యంతరం లేకపోతే నోటుపుస్తకం కూడా చూస్తాను, అందులోని పేర్లు బయటకు రావు. టికెట్టు మీద మొదటి వరుస ప్రస్తుతానికి ఇలా రాసి పెట్టుకున్నాను: "శుక్రవారం రాత్రి 12:15, తెల్లవారితే శనివారం. శుక్రవారం రాత్రి 11:45కే రావులపాలెం సెంటరులో ఉండండి." తణుకు గారూ, మీ నాన్నగారికి ఇది ఒకసారి చదివి వినిపించి, ఏ రాత్రి బయలుదేరాలో ఆయన నోటితోనే చెప్పించగలరా?

తణుకు ప్రయాణికురాలు

ఇప్పుడే చదివి వినిపించాను. శుక్రవారం రాత్రి అన్నం తిని బయలుదేరాలి అన్నారు. మధ్యలో శనివారం అన్న మాట ఎందుకని కూడా అడిగారు.

రావులపాలెం కౌంటరు

పదకొండు ముప్పావు అని అక్షరాలలో రాయండి. సోమవారం రండి, వచ్చేటప్పుడు కుర్చీ తెచ్చుకోండి, మా దగ్గర ఒక్కటే ఉంది.