విటమిన్ సి బిళ్లలతో తెల్లరక్తకణాలకు నిజంగా బలం వస్తుందా?

బ్రాడీపేట వాసి, గుంటూరు:
అందరికీ నమస్కారం. కోవిడ్ రోజుల్లో మొదలైన అలవాటు మా ఇంట్లో ఇంకా పోలేదు. మా అమ్మగారు రోజూ భోజనం కాగానే 500 మిల్లీగ్రాముల విటమిన్ సి బిళ్ల చప్పరిస్తారు. జలుబు చేస్తే రెండు. ఆవిడను చూసి మా మేనమామగారు కూడా అదే డబ్బా కొనుక్కున్నారు. ఆయనకు ఇదివరకే రెండుసార్లు మూత్రపిండంలో రాళ్లు వచ్చాయి. రోగనిరోధక కణాల్లో ఈ విటమిన్ చేసే పని ఏమిటో, ఎంత మోతాదు చాలునో తెలిసినవారు చెప్పగలరు.

జీవరసాయనం మాస్టారు, పటమట, విజయవాడ:
అమ్మగారి నమ్మకంలో సగం నిజమే ఉందండి. న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణం తన చుట్టూ ఉన్న ప్లాస్మాలో (రక్తంలోని ద్రవభాగంలో) కంటే కనీసం 50 రెట్లు గాఢంగా విటమిన్ సిని తనలో పోగుచేసుకుంటుంది. సూక్ష్మక్రిమిని మింగిన తరువాత దాన్ని చంపడానికి ఆ కణం తీవ్రమైన ఆక్సీకరణ పదార్థాలను విడుదల చేస్తుంది. ఆ మంటలో తానే కాలిపోకుండా ఈ నిల్వ కాపాడుతుంది. పని ముగిసిన న్యూట్రోఫిల్ చుట్టుపక్కల కణజాలాన్ని పాడుచేయకుండా క్రమపద్ధతిలో మరణించడానికీ, చచ్చిన కణాలను మింగి శుభ్రం చేసే మాక్రోఫేజ్‌లు దానిని ఎత్తివేయడానికీ కూడా ఇది తోడ్పడుతుంది. చర్మాన్ని గట్టిగా నిలిపే కొల్లాజెన్ తయారీకి ఈ విటమిన్ తప్పనిసరి కనుక, క్రిమి లోపలికి రాకుండా ఆపే గోడలోనూ దీని పాత్ర ఉంది.

అయితే కణానికీ ఒక హద్దుంది. ఆరోగ్యవంతుల్లో జరిపిన కొలతల ప్రకారం రోజుకు సుమారు 100 మిల్లీగ్రాములతోనే తెల్లరక్తకణాలు నిండిపోతాయి. నిండిన బిందెలో ఇంకా పోస్తే ఏమవుతుందో తెలిసిందే: మోతాదు గ్రాము దాటితే పేగులు సగం కూడా పీల్చుకోవు, పీల్చుకున్న దానిలో ఎక్కువ భాగం మూత్రంలో పోతుంది. మన జాతీయ పోషకాహార సంస్థ 2020లో సూచించిన రోజువారీ మోతాదు పురుషులకు 80, స్త్రీలకు 65 మిల్లీగ్రాములు మాత్రమే.

మందుల షాపు, అరండల్‌పేట:
జలుబు సంగతి నేను చెబుతాను, ఎందుకంటే తుమ్ము మొదలైన రోజునే డబ్బా అడిగేవారు మా కౌంటరు దగ్గర ఎక్కువ. 1970లో అమెరికా రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్ అంతటివాడు పెద్ద మోతాదులను సమర్థించడంతో ఈ నమ్మకం ప్రపంచమంతా పాకింది. తరువాతి పరీక్షలన్నిటినీ కలిపి 2013లో కోక్రేన్ (వైద్య పరిశోధనలను సమీక్షించే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష తేల్చినది వేరు: రోజూ వాడేవారిలో మామూలు జనానికి జలుబులు తగ్గలేదు, జలుబు ఉండే కాలం పెద్దల్లో సుమారు 8 శాతం, పిల్లల్లో 14 శాతం తగ్గింది. మారథాన్ పరుగువీరులు, చలిలో శ్రమించే సైనికుల వంటి వారిలో మాత్రం జలుబులు దాదాపు సగమయ్యాయి. జలుబు పట్టాక మొదలుపెడితే స్థిరమైన ప్రయోజనం కనబడలేదు. కాబట్టి అమ్మగారి రెండో బిళ్ల వృథా అనే నా అభిప్రాయం, అమ్ముకునేవాడినైనా సరే.

మేనమామగారి విషయం వేరు. శరీరంలో విటమిన్ సిలో కొంత ఆక్సలేట్‌గా, అంటే మూత్రపిండాల్లో రాళ్లు కట్టడానికి దోహదం చేసే పదార్థంగా, మారుతుంది. రాళ్ల చరిత్ర ఉన్నవారు డాక్టరును అడగకుండా ఆ డబ్బా ముట్టుకోకూడదు.

బ్రాడీపేట వాసి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మామయ్యగారి డబ్బా ఈ పూటే తీయించాను. బిళ్ల మానిపిస్తే ఉసిరికాయ పచ్చడి సరిపోతుందా అని అమ్మ అడుగుతున్నారు.

జీవరసాయనం మాస్టారు:
పచ్చి ఉసిరి, జామ రెండింటిలోనూ వంద గ్రాములకు 200 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది. ఉసిరిని నూనెలో మగ్గబెట్టి నెలలు నిల్వ చేస్తే అందులో చాలా పోతుంది కనుక పచ్చడిని రుచికే ఉంచండి. బండి మీద నాలుగు చీలికలు చేసి ఉప్పుకారం అద్ది ఇచ్చే జామకాయ, మధ్యస్థంగా ఉన్నది, సగం తిన్నా ఆ రోజు లెక్క సరిపోతుంది. ఒక మాట, మిర్చియార్డు ఊరివారు కాబట్టి: ఈ విటమిన్‌ను వేరుచేసి 1937లో నోబెల్ అందుకున్న సెంట్ జ్యోర్జీకి దాన్ని పెద్ద మొత్తంలో ఇచ్చినది హంగరీలోని సెగెడ్ ఊరి మిరపకాయే. అది పచ్చి కాయ సంగతి. యార్డుకు వచ్చే ఎండుమిరపలో ఈ విటమిన్ బాగా తగ్గిపోతుంది.