.22 ఎల్‌ఆర్ రైఫిల్‌తో ఉడుతలు, కుందేళ్ల వేటకి ఏ తూటాలు కొనాలి?

పైన్‌వుడ్స్ (ప్రశ్న):
అందరికీ నమస్తే. ఈస్ట్ టెక్సాస్‌లో ఉడుతలు, కుందేళ్ల కోసం .22 ఎల్‌ఆర్ బోల్ట్ యాక్షన్ రైఫిల్ తీసుకున్నాను, సీజెడ్ 457. కాల్చే దూరం 25 నుంచి 60 గజాలు. వేటాడేది వండుకోవడానికే, మాంసం చిందరవందర కాకూడదు. షాపులో 40 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గుండు బరువు కొలత) స్టాండర్డ్ వెలాసిటీ, వేగం ఎక్కువ ఉండే 36 గ్రెయిన్ల హాలో పాయింట్ (మొనలో గుంట ఉండి తగిలాక విచ్చుకునే గుండు) మినీమ్యాగ్, 32 గ్రెయిన్ల స్టింగర్, ధ్వని కంటే నెమ్మదిగా పోయే సబ్‌సోనిక్ ఉన్నాయి. వేగం ఎక్కువైతే గుండు కిందకి దిగకుండా పోతుందని కొందరు, నెమ్మదిగా పోయేదే సరిగ్గా తగులుతుందని కొందరు అంటున్నారు. ఏదో ఒకటి తేల్చుకుని ఎక్కువ పెట్టెలు కొనాలి. ఇవే జింకకి కూడా పనికొస్తాయా?

నలభైగ్రెయిన్లు:
ముందు జింక సంగతి: పనికిరావు. టెక్సాస్‌లో రిమ్‌ఫైర్ తూటాలతో (పేలుడు మందు అంచులో ఉండే .22 లాంటివి) జింకని వేటాడటం చట్టవిరుద్ధం. దెబ్బతిని పారిపోయి ఎక్కడో చచ్చే జంతువు పాపం మనకెందుకు.

ఇక మీ దూరాలకి వేగం పెద్ద లెక్క కాదు. సీసీఐ కంపెనీ స్టాండర్డ్ 40 గ్రెయిన్ల గుండు సెకనుకి 1070 అడుగులతో బయటికొస్తుంది, 40 గ్రెయిన్ల మినీమ్యాగ్ 1235తో. స్కోప్ బ్యారెల్‌కి ఒకటిన్నర అంగుళం పైన ఉందనుకుని, రెండింటికీ 50 గజాల దగ్గర గురి కుదిర్చామనుకోండి. 60 గజాల దగ్గర స్టాండర్డ్ సుమారు ముప్పావు అంగుళం కిందకి దిగుతుంది, మినీమ్యాగ్ అర అంగుళం పైచిలుకు. తేడా పావు అంగుళం ఉంటే గొప్ప. 25 గజాల దగ్గర ఏదైనా ఇంచుమించు గురిలోనే ఉంటుంది. చాలామంది మరిచేది దగ్గరి దూరం: 10 గజాల్లో ఉడుత దొరికితే గుండు అర అంగుళం కిందే తగులుతుంది, ఎందుకంటే అక్కడికి అది స్కోప్ చూపు గీత దాకా ఇంకా లేవదు.

గాలి దగ్గర లెక్క తారుమారవుతుంది. గంటకి 10 మైళ్ల పక్కగాలికి 100 గజాల దగ్గర స్టాండర్డ్ గుండు 4 అంగుళాల చిల్లర జరిగితే, 1235 అడుగులది 5 దాకా జరుగుతుంది. ధ్వని వేగం దాదాపు 1125 అడుగులు. దాన్ని దాటి బయల్దేరిన గుండు గాలి అడ్డుకి వేగం త్వరగా పోగొట్టుకుంటుంది. గాలి ఎంత తోస్తుందన్నది ఆ నష్టాన్ని బట్టే ఉంటుంది.

మాంసం మాటకొస్తే, హైవెలాసిటీ హాలో పాయింట్ కుందేలు భుజానికి తగిలితే ముందుకాళ్ల భాగమంతా నెత్తుటి గడ్డలే. తలకి మాత్రమే కాల్చగలిగితే స్టాండర్డ్ వెలాసిటీ రౌండ్ నోస్ (గుండ్రటి మొన గుండు) చాలు. ఛాతీకి కాల్చాల్సి రావచ్చనుకుంటే 40 గ్రెయిన్ల సబ్‌సోనిక్ హాలో పాయింట్ మేలు. అది బాగా విచ్చుకోకపోయినా రౌండ్ నోస్ లాగా సన్నని రంధ్రం చేసి వదిలేయదు.

బ్యారెల్‌మాట:
పెట్టెలు పెట్టెలు కొనకముందే పరీక్ష చేయండి. ఒకే కంపెనీ, ఒకే మోడల్ రైఫిళ్లు రెండు తీసుకున్నా వాటికి నచ్చే తూటా వేరుగా ఉంటుంది. నాలుగైదు రకాలు ఒక్కో పెట్టె, అంటే 50 చొప్పున తెచ్చుకోండి. 50 గజాల దగ్గర, గాలి లేని పొద్దున, రైఫిల్ ముందూ వెనకా ఇసుక సంచుల మీద పెట్టి కాల్చాలి. రకం మార్చిన ప్రతిసారీ మొదటి 15 తూటాలు లెక్కలోకి తీసుకోవద్దు. ఒక్కో తూటా మీద మైనం, నూనె పూత ఒక్కో తీరు. పాతది బ్యారెల్‌లోంచి పోయి కొత్తది పట్టేదాకా గుండ్లు చెదురుతాయి. ఈ ఒక్కటీ తెలియక మంచి తూటాని చెత్తదని పక్కన పెట్టేస్తారు. తర్వాత ఐదేసి చొప్పున నాలుగు గుంపులు కాల్చి, ఒక్కో గుంపులో గుండ్లు ఎంత వెడల్పున పడ్డాయో సగటు చూడండి. ఒక్క గుంపు చిన్నగా వచ్చిందని నమ్మొద్దు. ఉడుత తలకి అంగుళం లోపు సగటు కావాలి. నచ్చినది దొరికాక ఒకే లాట్ నంబరు (ఒకే విడతలో తయారైన) పెట్టెలు కొనండి, లాట్ మారితే గురి మళ్లీ సరిచూసుకోండి.

స్టింగర్ విషయంలో జాగ్రత్త. దాని ఇత్తడి గొట్టం మామూలు .22 ఎల్‌ఆర్ కంటే అంగుళంలో పదో వంతు దాకా పొడవు. 457లో కొన్ని మోడళ్లకి మ్యాచ్ ఛాంబర్ (తూటా కూర్చునే చోటు, పోటీల కోసం బిగువుగా చేసింది) ఉంటుంది, అలాంటి బిగువు ఛాంబర్లలో స్టింగర్ వాడొద్దు.

పైన్‌వుడ్స్:
చాలా థాంక్సండీ. మా తమ్ముడి దగ్గర రూగర్ 10/22 సెమీ ఆటోమేటిక్ ఉంది. నిశ్శబ్దంగా ఉండే క్వైట్-22 దాంట్లో వేస్తే ఖాళీ గొట్టం బయటికి రాక ఇరుక్కుంటోంది. రైఫిల్ లోపమా?

నలభైగ్రెయిన్లు:
కాదండీ. క్వైట్-22 వేగం 710 అడుగులే, బోల్ట్‌ని పూర్తిగా వెనక్కి తోసే బలం దానికి చాలదు. 10/22కి మినీమ్యాగ్ లాంటిది సజావుగా నడుస్తుంది. మీ బోల్ట్ యాక్షన్‌లో ఆ బెడద లేదు, చేత్తో లాగుతారు కదా.

మట్టికట్ట:
ఇంకొన్ని విషయాలు తప్పక చెప్పాలి. ఈ చిన్న గుండు మైలున్నర దూరం పోగలదు. కొమ్మ మీది ఉడుతని ఆకాశం వెనక ఉండగా కాల్చకండి. లావుపాటి మాను వెనక అడ్డుగా ఉన్నప్పుడే ట్రిగ్గర్ నొక్కండి. నీళ్ల మీద, రాళ్ల మీద సీసపు గుండు ఎగిరి దారి తప్పుతుంది.

పేలకపోతే బ్యారెల్‌ని సురక్షితమైన వైపే ఉంచి 30 సెకన్లు ఆగి అప్పుడు తీయండి. రిమ్‌ఫైర్‌లో పేలుడు మందు అంచు చుట్టూ ఉంటుంది, పిన్ కొట్టిన చోట మందు పలచగా ఉంటే పేలదు. చప్పుడు మామూలు కంటే చిన్నగా వస్తే అక్కడే ఆపండి. తూటాలన్నీ తీసేసి బ్యారెల్ లోపలికి చూడండి, గుండు మధ్యలో ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకోటి కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది. .22 మ్యాగ్నమ్ రైఫిల్‌లో ఎల్‌ఆర్ తూటా వేయొద్దు, ఛాంబర్ వెడల్పెక్కువ కాబట్టి తూటా ఇత్తడి గొట్టం చీలుతుంది.

సీసం తునకలు మాంసంలో మిగులుతాయి, గాయం చుట్టూ ధారాళంగా కోసి పారేయండి. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకి సీసం తూటాలే నిషిద్ధం. అక్కడికి వెళ్తే 21 గ్రెయిన్ల కాపర్-22 లాంటివి వాడాలి, వాటికి గురి మళ్లీ మొదట్నుంచీ కుదుర్చుకోవాలి.

హెచ్1బీ మీద ఉన్నవాళ్లు చదువుతుంటే: ఫెడరల్ చట్టం ప్రకారం ఆ వీసాతో తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే దానికి మినహాయింపు. లైసెన్స్ గడువు తీరిన రోజున మినహాయింపూ పోతుంది, తేదీ రాసి పెట్టుకోండి. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా ఉంది.