క్వాస్ రోజూ తాగొచ్చా? లేక అది కూడా చక్కెర నీళ్లేనా?

కజాన్_మెడికో: ఎండాకాలం వస్తే రష్యాలో ఎక్కడ చూసినా క్వాసే, రై అనే ధాన్యంతో చేసిన రొట్టెను పులియబెట్టి చేస్తారు. మా హాస్టల్లో తెలుగువాళ్లు చాలామంది కోలా మానేసి ఇదే లీటర్ల కొద్దీ తాగుతున్నారు. పెరుగులా కడుపుకి మంచిదట, బి విటమిన్లు ఉంటాయట. నాకు నమ్మకం కుదరట్లేదు, తెలిసినవాళ్లు చెప్పండి.

మాస్కో_బాబాయ్: నిక్షేపంలా తాగు తమ్ముడూ. మా పక్కింటి ముసలావిడ చేస్తుంటే చూశాను. రొట్టె ముక్కల్ని ఓవెన్లో బాగా ముదురు రంగు వచ్చేదాకా కాల్చి, మరిగిన నీళ్లలో నానేసి, చల్లారాక వడకట్టి, చక్కెర, ఈస్టు, నాలుగు ఎండుద్రాక్షలు వేసి గుడ్డ కడుతుంది. ఒకటి రెండు రోజుల్లో ద్రాక్షలు పైకి తేలి, పుల్లటి వాసన వస్తుంది. మన తరవాణి లాంటిదే. వందల ఏళ్లుగా తాగుతున్నారు, చెడ్డదైతే ఎప్పుడో మానేసేవాళ్లు కదా?

డైటీషియన్_అక్క: వందల ఏళ్లుగా మనుషులు సారా కూడా తాగుతున్నారండీ, అది రుజువు కాదు. ఆవిడ చేసేది వేరు, షాపు సీసా వేరు. సీసాల్లో చాలావాటిని పాశ్చరైజ్ చేస్తారు, అంటే మీరు మంచిదంటున్న బ్యాక్టీరియా చచ్చిపోయినట్టే. చక్కెర మాత్రం అలాగే ఉంటుంది, చాలా రకాల్లో 100 మి.లీ.కి 5 గ్రాముల దాకా. అర లీటరు తాగితే 25 గ్రాములు. రోజుకి అంతకంటే తక్కువైతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కోలాలో దీనికి రెట్టింపు ఉంటుంది, నిజమే, కానీ లీటరు క్వాస్ తాగితే లెక్క అక్కడికే వచ్చింది. బి విటమిన్లు కాస్త ఉంటాయి, వాటి కోసం ఇంత చక్కెర అక్కర్లేదు.

మాస్కో_బాబాయ్: ఇంట్లో చేస్తే చక్కెరంతా ఈస్టే తినేస్తుంది కదమ్మా?

డైటీషియన్_అక్క: కొంతే తింటుంది. తియ్యగా ఉన్నప్పుడే ఫ్రిజ్‌లో పెట్టేస్తాం కాబట్టి మిగతాది అలాగే ఉండిపోతుంది. పైగా ఆల్కహాల్ కూడా కొద్దిగా పుడుతుంది, రష్యా ప్రమాణాల ప్రకారమే 1.2 శాతం దాకా ఉండొచ్చు. గర్భిణులకి, చిన్నపిల్లలకి నేనైతే వద్దంటాను. రై ధాన్యంలో గ్లూటెన్ అనే ప్రొటీన్ ఉంటుంది, అది పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లు అసలు ముట్టుకోకూడదు.

కజాన్_మెడికో: అయితే పూర్తిగా మానేయాలా అక్కా?

డైటీషియన్_అక్క: మానక్కర్లేదు, నీకు షుగర్ జబ్బు లేకపోతే అప్పుడప్పుడు ఒక గ్లాసు తాగు. దోసకాయ, ముల్లంగి, గుడ్డు ముక్కల మీద క్వాస్ పోసి అక్కడివాళ్లు చేసే ఓక్రోష్కా అనే చల్లటి సూప్ తిన్నావా? దానికోసం తీపి తక్కువగా ఉండే రకం విడిగా దొరుకుతుంది, షాపులో అది అడుగు.